కంగారూ కన్నూ, మస్తాన్ ఉద్యోగమూ

ఈ రోజు పొద్దున పదిన్నరకు ఒక తప్పు చేశాను. రెండు నిమిషాల ఫోన్‌లో చేశాను. ఇప్పుడు మధ్యాహ్నం రెండయింది. ఇంకా కుదురుగా కూర్చోలేకపోతున్నాను. దుబాయ్ అల్ కుసైస్‌లోని మా ఇంట్లో వంటగది నుంచి బాల్కనీకి పదిహేడు అడుగులని ఇవాళే తెలిసింది.

ఫోన్ చేసింది కొత్తగా పెడుతున్న ఒక జంతు ఉద్యానం మేనేజరు. మలయాళీ. హిందీలో మాట్లాడాడు. "మస్తాన్ అనే కీపర్ మీరున్న చోట పనిచేశాడట కదా డాక్టర్ సాబ్. కంగారూలు చూసుకోవడానికి తీసుకుందామనుకుంటున్నాం. కానీ పిల్లుల విషయంలో అతని నిర్లక్ష్యం వల్ల ఒక కంగారూకి చూపు పోయిందని అక్కడి ఫైల్లో ఉంది. అడిగితే, మా డాక్టర్ సార్‌నే కనుక్కోండి అంటున్నాడు. శనివారం లోపల పేర్లు తేల్చాలి. మీరేమంటారు?"

నేనన్నాను: "మనిషి మంచివాడే. జంతువులంటే ప్రాణం. కానీ ఆ పిల్లుల విషయంలో కాస్త... మీరే చూసుకోండి."

"అర్థమైంది సాబ్. షుక్రియా." పెట్టేశాడు.

ఆ కంగారూ చూపు పోవడానికి మస్తాన్ కారణం కాదు. నేను కారణం. ఆ సంగతి నాకు కొన్నేళ్ళుగా తెలుసు. తెలిసీ ఇవాళ మళ్ళీ ఆ మాటే అన్నాను. అలవాటైన అబద్ధం తడుముకోకుండా వస్తుంది. మస్తాన్ ఇప్పుడు అల్ ఐన్ దగ్గర ఖర్జూరం తోటలో చెట్లెక్కుతున్నాడు. నలభై ఆరేళ్ళ మనిషి. ఈ ఉద్యోగం వస్తే నేల మీద ఉంటాడు, తను ఎరిగిన పనిలో ఉంటాడు. రాకపోతే అది నా నోటి వల్లే.

ఇక్కడికి కొత్తగా వచ్చే మన పశువైద్యులు నన్ను అడుగుతుంటారు, అడవి జంతువుల వైద్యం ఎలా ఉంటుంది సార్ అని. ఇన్నాళ్ళూ వాళ్ళకు నవ్వొచ్చే కథలు చెప్పాను. ఇది వాళ్ళ కోసమే రాస్తున్నాను. జీతాలూ హోదాలూ మీరు ఎలాగూ కనుక్కుంటారు, అవి వదిలేస్తాను.

గేదెల డాక్టరు

నేను ప్రకాశం జిల్లాలో గేదెల డాక్టర్ని. గేదె ఈనలేకపోతే చెయ్యి పెట్టి దూడను తీసినవాణ్ణి. ఆ తర్వాత ఇక్కడికొచ్చి మేకలకూ ఒంటెలకూ చేశాను. 2020 మొదట్లో, యాభై ఎనిమిదేళ్ళ వయసులో, అల్ ఐన్ రోడ్డు మీద ఒక పెద్దమనిషి సొంత జంతుశాలలో చేరాను. యజమానిని అందరూ అర్బాబ్ అనేవాళ్ళు. ఆయన ఎప్పుడో గానీ కనిపించడు. పని నడిపించేది ముదీర్, సిరియా మనిషి, గొంతు పెంచకుండా మాట్లాడతాడు.

అక్కడ జింకలు, ఒంటెలు, నిప్పుకోళ్ళతో పాటు పద్నాలుగు కంగారూలు ఉండేవి. పొట్టకు సంచి ఉండే జంతువును నేను బతికుండగా చూడడం అదే మొదటిసారి. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఇంటర్వ్యూలో "అన్నీ చూశాను" అన్నాను. నా తప్పుల్లో మొదటిది అదే. తెలియదని మొదటి రోజు చెప్పడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. ఆరో నెలలో చెప్పడానికి చాలా ధైర్యం కావాలి.

కంగారూల కీపరు మస్తాన్. రాయచోటి దగ్గర పల్లె. ఇంటి దగ్గర గొర్రెలు కాసిన మనిషి. కంగారూలను "గంతుల మేకలు" అనేవాడు. నేను చేరిన మొదటి వారం నన్ను కంచె దగ్గర ఆపాడు.

"ఎదురుగా పోవద్దండి సార్. ఎనక నుంచి అసలే వద్దు."

"మరి ఎటు నుంచి పోవాలయ్యా, పైనుంచి దూకమంటావా?"

"అట్ల కాదు సార్. పక్క నుంచి, నడిచీ నడవనట్ల. దాని కండ్లు మన మాదిరి ముందుకు లేవు గదా. పక్కకుండాయి. తల తిప్పకనే మనల్ని సూస్తాంటాది. మనం సూడలేదనుకుంటాం."

అతను చెప్పింది నిజం. కంగారూ కళ్ళు పెద్దవి, తలకు ఇరువైపులా ఉంటాయి. మేస్తూనే చుట్టూ దాదాపు అంతా చూస్తుంది. అందుకే దాన్ని పట్టుకోవాలని చూసేవాడికి అది ఎప్పుడూ ఒక అడుగు ముందుంటుంది. బెదిరితే కంచెకు కొట్టుకుని చచ్చిపోతుంది, లేదా పరుగెత్తి పరుగెత్తి కండరాలు పాడై రెండు రోజులకు పడిపోతుంది. కన్ను చూడాలంటే ముందు అది నిన్ను చూడడానికి ఒప్పుకోవాలి. ఇది నాకు ఏ కాలేజీ చెప్పలేదు, మస్తాన్ చెప్పాడు.

కంట్లో పుట్టని కంటి జబ్బు

పెద్ద తప్పు చెప్పే ముందు చిన్నది ఒకటి చెబుతాను.

ఒక ముసలి మగ కంగారూకి కుడి కన్ను నీరు కారుతూ ఉండేది. ఇసుక గాలులు వీచే రోజులు. మూడో రెప్ప కింద ఇసుక రేణువు దూరిందనుకున్నాను. ఈ జంతువులకు ముక్కు వైపు మూలలో ఇంకో రెప్ప ఉంటుంది, దాని కింద ఏదైనా దాక్కోగలదు. కడిగాను, మందు వేశాను. మూడు వారాలు అదే మందు. కన్ను మెల్లగా ముందుకు ఉబికింది.

"సార్, అది కుడి పక్క నమలడం మానేసింది" అన్నాడు మస్తాన్.

"కంటికీ నమలడానికీ ఏం సంబంధం?"

"నాకేం తెలుసు సార్. మానేసింది, చెప్తాండ."

సంబంధం ఉంది. పై దవడ పళ్ళ వేళ్ళు కంటి గూటికి చాలా దగ్గరగా ఉంటాయి. కంగారూలకు చిగుళ్ళు చెడి దవడ ఎముకకు చీము పట్టడం బాగా తెలిసిన జబ్బు. ఆ చీము కంటి వెనక చేరింది. పన్ను తీస్తే కన్ను వెనక్కి వెళ్ళింది. అదృష్టం కొద్దీ బతికింది. నేను మస్తాన్ భుజం తట్టి "భలే చూశావయ్యా" అన్నాను. అక్కడితో వదిలేశాను. అతని కళ్ళు నాకంటే బాగా పనిచేస్తున్నాయని తెలుసుకోవలసింది. తెలుసుకోలేదు.

పాలు

అదే ఏడు మార్చిలో కరోనాతో అంతా మూతపడింది. విమానాలు ఆగాయి. మేముండే క్యాంపు గేటు దాటి ఎవరూ పోకూడదు. ఆ రోజుల్లోనే ఒక ఆడ కంగారూ దేనికో బెదిరి కంచెకు కొట్టుకుని చనిపోయింది. సంచిలో పిల్ల బతికే ఉంది. అప్పుడప్పుడే బొచ్చు వస్తోంది. మస్తాన్ తన పాత శాలువాను సంచిలా కుట్టి, దాన్ని అందులో పెట్టి గోడకు మేకు కొట్టి వేలాడదీశాడు. "చిన్నక్క" అని పేరు పెట్టాడు.

"అక్క ఏంటయ్యా, నీ చెయ్యంత లేదు."

"మా చిన్నక్క గూడా ఇట్లనే సార్, తిండి పెట్టేదాకా మొగం ముడుచుకోనుంటాది."

కంగారూ పిల్లలకు ఆస్ట్రేలియా నుంచి వచ్చే ప్రత్యేకమైన పాలపొడి ఉంటుంది. మా దగ్గర రెండు డబ్బాలు ఉన్నాయి. ఏప్రిల్‌కి అయిపోయాయి. కొత్తవి ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. ముదీర్ అడిగాడు, "ఇప్పుడేం చేద్దాం దుక్తూర్?"

నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "అర్బాబ్ ఒంటెలున్నాయి కదా. ఒంటె పాలు" అన్నాను.

ఇక్కడ ఒంటె పాలంటే ఏమిటో కొత్తవాళ్ళకు చెప్పాలి. చంటిపిల్లకూ అవే, మధుమేహానికీ అవే, పరుగు పందెం ఒంటెకూ అవే. తన మంద పాలంటే అర్బాబ్‌కి గర్వం. ఆ మాట ఆయన చెవిన పడి, "దుక్తూర్ హిందీ", అంటే ఇండియా డాక్టరు, "తెలివైనవాడు" అన్నాడని ముదీర్ నాకు చెప్పాడు. నేను రెండు రోజులు ఆ మాట మీద బతికాను.

నిజం ఏమిటంటే, కంగారూ పిల్ల ఒంటె పాలనైనా ఆవు పాలనైనా సరిగా అరిగించుకోలేదు. ఆ పాలలోని చక్కెర విరిగితే గెలాక్టోజ్ అనే ఇంకో చక్కెర వస్తుంది. దూడ ఒళ్ళు దాన్ని వాడుకుంటుంది. కంగారూ పిల్ల ఒళ్ళు వాడుకోలేదు. అది వెళ్ళి కంటి లెన్స్‌లో చేరుతుంది. లెన్స్ నీరు పట్టి మసకబారుతుంది. అంటే శుక్లం. ఈ సంగతి వెతికితే ఒక పూటలో దొరికేది. ఫోన్లో ఇంటర్నెట్ ఉంది, చేతిలో కావలసినంత ఖాళీ ఉంది. గేదె దూడల్ని పెంచినవాణ్ణి, నాకు పాల గురించి ఎవరు చెప్పాలి అనుకున్నాను.

పిల్ల బరువు పెరిగింది. కాస్త పారుకుంటే మందిచ్చాను.

వెలుతురులో కనపడకపోవడం

మూడు వారాలకు, రంజాన్ నెలలో, మస్తాన్ నా గది గుమ్మంలోకి వచ్చాడు. ఇంకో ఇద్దరు కీపర్లు లోపలే ఉన్నారు.

"సార్, చిన్నక్కకు సరిగా అగపడక ఉండాది."

"ఎలా చెబుతున్నావు?"

"మద్దేనం పూట సీసా మొగం కాడ పెట్టినా తడుముకుంటాంది సార్. గోడకు గుద్దుకుంటాంది. అదే పొద్దుగుంకేటప్పుడు, నేను గేటు కాడ ఉండంగనే గుర్తుపట్టి వస్తాంది. వెలుతురులో కనపడక, మసకలో కనపడేదేంది సార్ ఇది?"

నేను నవ్వాను. "రేచీకటి విన్నాం గానీ పగటిచీకటి ఎక్కడిదయ్యా? ఉపవాసం ఉండి నీకే కళ్ళు తిరుగుతున్నాయేమో చూసుకో."

ఆ ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి క్యాంపులో అతని పేరు "పగటిచీకటి భాయ్" అయింది. ఆ పేరు పెట్టింది నేను.

మర్నాడు పిల్ల కన్ను చూశాను. కంట్లోకి చూసే ముందు చుక్కలు వేసి, కనుపాప విచ్చుకునేదాకా ఆగాలి. నేను ఆగలేదు. పరికరం పెట్టి చూస్తే లోపల మసకగా ఉంది. పరికరం అద్దానికి దుమ్ము పట్టిందనుకుని చొక్కాతో తుడిచాను. మళ్ళీ మసకే. మళ్ళీ తుడిచాను. ఆ మసక అద్దంలో లేదు, పిల్ల కంట్లో ఉంది.

ఆ మసకలోంచి వెనక పొర, అంటే రెటీనా, కనిపించింది. దాని మీద రక్తనాళాలు లేవు. గేదె కంట్లో చూస్తే మధ్యలోంచి నాళాలు లావుగా, కొమ్మల్లా పరుచుకుని కనిపిస్తాయి. ఇక్కడ రోడ్లన్నీ చెరిపేసిన పటంలా ఉంది. జబ్బు దొరికిందని సంబరపడ్డాను. నాళాలు ఎండిపోయాయి, రెటీనా చచ్చిపోయింది అనుకున్నాను. కంగారూల రెటీనాను పాడుచేసే జబ్బు ఒకటి నాకు తెలుసు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి వల్ల వస్తుంది, పిల్లుల మలం ద్వారా మేతలోకి చేరుతుంది. కంగారూలకు అది నిజంగానే ప్రాణాంతకం.

మేత గోదాము వెనక మూడు పిల్లులుండేవి. క్యాంపులో మిగిలిన చేప ముళ్ళు తెచ్చి మస్తాన్ వాటికి పెట్టేవాడు. "నోరులేని జీవాలకు పెడితే సవాబు సార్, పుణ్యం" అనేవాడు. మేత డబ్బాలకు మూతలు పెట్టాలి, కంగారూల దొడ్డికి వేరే చెప్పులు వాడాలి అని నేను పెట్టిన నియమాన్ని ఒక్కరోజు కూడా తప్పనివాడు అతనొక్కడే. అదీ నాకు తెలుసు.

ముదీర్‌కి ఒక్క ముక్క

ముదీర్‌కి పొడవైన జవాబులు నచ్చవు. "సబబ్ చెప్పు దుక్తూర్, కారణం. ఒక్క మాటలో" అన్నాడు.

"పిల్లులు."

"వాటికి తిండి ఎవరు పెడుతున్నారు?"

ఒక్క క్షణం ఆగాను. ఆగానని చెప్పుకోవడం తప్ప దానివల్ల ఎవరికీ ఏ లాభమూ లేదు. "మస్తాన్" అన్నాను.

"ఖలాస్" అన్నాడు ముదీర్. మస్తాన్‌ని కంగారూల పని నుంచి తీసేశాడు.

పై అధికారులు ఒక్క మాట అడుగుతారు, అది వాళ్ళ పని. ఇంకా తెలియదు అనడం మన పని. ముదీర్ చెడ్డవాడు కాదు. నేను "రక్త పరీక్ష పంపాను, అది రానీ" అని ఉంటే ఆగేవాడు. పరీక్షకు ఆ పొద్దున్నే పంపాను కూడా.

సాయంత్రం మస్తాన్ వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"నేను పిల్లిని దాని తావుకు రానీలేదు సార్. మీకు తెల్సు గదా."

"నా చేతుల్లో ఏముంది మస్తాన్. ముదీర్ నిర్ణయం."

"మీరు చెప్తే ఇంటాడు సార్."

నేను సిరంజీలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాను. అతని చెప్పుల చప్పుడు దూరమవడం వినిపించింది.

అప్పట్లో ఇంటికి పంపుదామన్నా విమానాలు లేవు. అర్బాబ్ బంధువుల ఖర్జూరం తోటకు అతని వీసా మార్చారు. అలా మస్తాన్ నలభై ఒకటో ఏట చెట్లెక్కడం నేర్చుకున్నాడు.

రక్త పరీక్ష ఆరో రోజు వచ్చింది. టాక్సోప్లాస్మా లేదు. కాగితం రెండుసార్లు చదివి నా సొంత ఫైల్లో అడుగున పెట్టాను. ముదీర్‌కి చెప్పలేదు. పరీక్షలు కూడా తప్పుతాయిలే అనుకున్నాను. ఇంకో రెండు వారాలకు పాలపొడి వచ్చింది, ఒంటె పాలు ఆపాం. అప్పటికి చిన్నక్క రెండు కనుపాపలూ తెల్లగా కనిపిస్తున్నాయి. జబ్బు వెనక నుంచి ముందుకు వచ్చిందని రిజిస్టర్‌లో రాశాను. మస్తాన్ వచ్చి చెప్పిన రోజే పాలు మాన్పించి ఉంటే, ఆ చూపు కొంతైనా మిగిలేది.

ఎన్ని మంచి కళ్ళు చూశారు?

2022లో దుబాయ్ నుంచి జంతువుల కంటి వైద్యురాలు ఒకావిడ వచ్చింది. చిన్నక్క అప్పటికి పెద్దదైంది, గోడలు తడుముకుంటూ బతుకుతోంది. ఆవిడ దాన్ని చూడకుండానే, "ముందు చూపు బాగా ఉన్న కంగారూలు మూడు కావాలి" అంది. మత్తిచ్చి, చుక్కలు వేసి, ఇరవై నిమిషాలు కుర్చీలో కూర్చుని, ఒక్కొక్క కన్నూ చూసింది. తర్వాత నన్ను చూడమంది.

మూడింటికీ రెటీనా మీద రక్తనాళాలు లేవు.

"ఇవి గుడ్డివి కావు కదా?" అన్నాను.

"కంగారూ రెటీనా ఇంతే డాక్టర్. దానికి రక్తం వెనక పొర నుంచి అందుతుంది. మీరు ఇంతకు ముందు ఎన్ని మంచి కళ్ళు చూశారు?"

"ఒక్కటీ చూడలేదు."

ఆవిడ చిన్నక్కను చూసి, చిన్నప్పుడు ఏ పాలు పట్టారని అడిగింది. చెప్పాను. "మొదట్లో మధ్యాహ్నం తడబడి, సాయంత్రం బాగా చూసేదా? ఎవరైనా గమనించారా?"

శుక్లం లెన్స్ మధ్యలో ఉంటే ఎండలో కనుపాప ముడుచుకుని, వెలుగు ఆ మసకలోంచే పోవాలి. సాయంత్రం కనుపాప విచ్చుకుంటే అంచుల్లోంచి పోతుంది. మస్తాన్ రెండేళ్ళ కిందట నా గుమ్మంలో నిలబడి చెప్పింది, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అదే.

"గమనించాం" అన్నాను.

"మంచి పరిశీలన" అందావిడ.

ఆ మెప్పు కూడా నేనే తీసుకున్నాను. నేను చేసిన వాటిలో నాకు ఎక్కువ సిగ్గుగా ఉన్నది ఇదే. పాల తప్పు తెలియక చేసింది. పిల్లుల తప్పు తొందరలో చేసింది. ఇది మాత్రం అంతా తెలిసి చేసింది. ఆవిడ ఒక కంటికి ఆపరేషన్ చేసింది, చిన్నక్క ఆ కంటితో కొంత చూస్తోంది. నేను ఇంకో రెండేళ్ళు ఉద్యోగం చేశాను. మస్తాన్ తోటలో స్థిరపడి ఉంటాడు, ఇప్పుడు కదిలించడమెందుకని అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

కంటి గురించి మీకు చెప్పగలిగింది ఇంతే. జబ్బు కన్ను చూసే ముందు మంచి కళ్ళు పది చూడండి. గేదె కన్నును తెచ్చి కంగారూ తలలో పెట్టకండి. జంతువుతో పొద్దంతా ఉండే మనిషి చెప్పేది వింతగా ఉంటే నవ్వకండి, రాసుకోండి.

మధ్యాహ్నం మూడు తర్వాత

పైదంతా మంగళవారం రాశాను. ఇది శనివారం రాస్తున్నాను.

మా ఆవిడ సుజాత ఇక్కడొక క్లినిక్‌లో నర్సు. నేను రిటైరయ్యాక ఆవిడ వీసా మీదే ఉంటున్నాను. మంగళవారం మూడింటికి డ్యూటీ దిగి వచ్చి, నేను నడుస్తుండడం చూసింది.

"ఏంటండీ ఆ తిరుగుడు? బీపీ చూడమంటారా?"

చెప్పాను. ఇన్నేళ్ళలో మొదటిసారి మొత్తం చెప్పాను. బ్యాగు భుజం మీదే ఉంచుకుని విన్నది.

"మస్తాన్ అంటే తోటకి పోయాక కూడా పండగకి మనకి సేమ్యా పంపించేవాడు, ఆయనేనా?"

"ఆయనే."

"ఆ సేమ్యా తిన్నారుగా మీరు?" అని లోపలికెళ్ళింది. మళ్ళీ తలుపు దగ్గరికొచ్చి, "మేనేజరు నంబరు ఉందా, లేదా?" అంది.

చేశాను. అంతా విని అతను, "పొద్దున ఒకటి చెప్పారు, ఇప్పుడొకటి చెబుతున్నారు. నేనేది రాసుకోవాలి సాబ్?" అన్నాడు.

"ఇప్పటిది."

"సంతకం పెట్టి ఇవ్వగలరా?"

సాయంత్రానికి ఇచ్చాను. పాలు నేను చెప్పినవనీ, కన్ను తప్పుగా చదివింది నేననీ, పిల్లులకూ ఆ చూపుకూ సంబంధం లేదనీ, మొదట సరిగా గుర్తించింది మస్తానేననీ రాశాను. రక్త పరీక్ష కాగితం జతచేశాను. పారేయకుండా ఎందుకు ఉంచానో నాకే తెలియదు. ఇంకో కాపీ పాత జంతుశాలకు పంపి, ఫైల్లో మస్తాన్ పేరు పక్కనున్న మాట తీసేయమని అడిగాను. కంటి వైద్యురాలికి కూడా, ఆ పరిశీలన ఎవరిదో రాశాను.

నిన్న శుక్రవారం బస్సెక్కి అల్ ఐన్ వెళ్ళాను. తోటలో మస్తాన్ చెట్టు మీద ఉన్నాడు, నడుముకు పట్టా కట్టుకుని.

"ఎవురూ? డాక్టర్ సారా! ఉండండి సార్, దిగొస్తా."

దిగి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. గడ్డం నెరిసింది. "ఫోన్ వచ్చింది సార్. ఆదివారం రమ్మన్యారు, పదైదు దినాలు పని సూస్తారంట. మీరు చెప్పినారంట గదా. ఎట్ల తీర్చుకోవల్ల సార్ మీ రుణం?"

ఆ కృతజ్ఞతను అలాగే ఉంచుకుని బస్సెక్కి వచ్చేయొచ్చు. నిజం చెప్పాలంటే ఆ ఆలోచన వచ్చింది. నీడలో కూర్చున్నాక మొత్తం చెప్పాను. అతను ఖర్జూరపు ఈనె ఒకటి తీసుకుని ముక్కలు చేస్తూ విన్నాడు. చివరికి ఒకటే అడిగాడు.

"ఆ కాయితం యా రోజు వచ్చింది సార్?"

"ముదీర్ నిన్ను పని నుంచి తీసేసిన ఆరో రోజు."

"ఆరో రోజా." కాసేపు లెక్క చూసుకున్నట్టున్నాడు. "ఆ పొద్దు నేను ఇంకా మన క్యాంపులోనే ఉండా సార్. మీ గదికి నాలుగు రూములు అవతల. ఏడో రోజు గదా నన్ను బండి ఎక్కించింది."

తప్పు ఒప్పుకుంటే అవతలి మనిషి ఫర్వాలేదు సార్ అనాలని ఎక్కడా లేదు. మస్తాన్ అనలేదు.

ఈనె ముక్కలు పారేసి ఫోన్ తీశాడు. "మా ఇంటామెకు చెప్పండి సార్. ఇప్పుడే."

తెర మీద అతని భార్య కాశింబీ కనిపించింది. వెనక ఎవరో ముసలావిడ మంచం మీద కూర్చుని ఉంది. నేనెవరో చెప్పి, "అమ్మా, ఆ రోజు మస్తాన్‌ని జంతువుల పని నుంచి తీసేయడానికి కారణం నా తప్పు. అతను ఏమీ చేయలేదు" అన్నాను.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోపమో ఏడుపో నాకు తెలియలేదు.

"ఐదేండ్ల నుంచి అడగతానే ఉండా సార్, ఏం తప్పు జేసినావు, ఉత్తపుణ్యానికి ఎవురన్నా తీసేస్తారా అని. ఏం జేయలేదే అంటాడు. ఊర్లో అందురూ ఏదో దాస్తాండాడు అన్న్యారు." ఆగింది. "నేనూ నమ్మలే సార్."

మస్తాన్ మాకు వీపు తిప్పి చెట్టు వైపు చూస్తున్నాడు.

"మళ్ళా చెప్పండి సార్" అంది కాశింబీ. "నిమ్మళంగా చెప్పండి. మా అత్తకు వినపడల్ల."

ముసలావిడ మంచం దగ్గరికి ఫోన్ జరిగింది. నేను మళ్ళీ చెప్పాను. ఈసారి పాల దగ్గర నుంచి మొదలుపెట్టాను.